రోడ్డు రఫ్‌నెస్ అంచనా: మోడల్ స్కోరు బ్రహ్మాండం, గ్రాఫ్ చూస్తే మాత్రం నమ్మకం కుదరట్లేదు

గతుకులబాట:

అందరికీ నమస్తే. ఎంటెక్ ప్రాజెక్టు కోసం హైవే పేవ్‌మెంట్ రఫ్‌నెస్ (రోడ్డు ఎంత గతుకుగా ఉందన్నది) ఏళ్లు గడిచేకొద్దీ ఎంత పెరుగుతుందో ముందే చెప్పే మోడల్ చేస్తున్నాను. డేటా ఎల్‌టీపీపీ వాళ్లది. తెలియనివాళ్ల కోసం: అమెరికా, కెనడాల్లో రెండు వేల ఐదొందలకు పైగా రోడ్డు ముక్కల్ని 1987లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చిన ప్రోగ్రామ్ అది, ఇన్ఫోపేవ్ సైట్ నుంచి ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. నేను తారు రోడ్లు మాత్రమే తీసుకున్నా. ఇన్‌పుట్లుగా రోడ్డు వయసు, ట్రాఫిక్ (ఈసాల్ లెక్కలో, అంటే రకరకాల బండ్ల బరువుల్ని ఒకే ప్రామాణిక ఇరుసు బరువు లెక్కలోకి మార్చి), స్ట్రక్చరల్ నంబర్ (రోడ్డు పొరల బలాన్ని చెప్పే అంకె), వర్షపాతం, ఫ్రీజింగ్ ఇండెక్స్ (చలి తీవ్రత), పగుళ్లు, రటింగ్ (చక్రాల దారిలో పడే గాడి), వీటితోపాటు అంతకుముందు సర్వేలో వచ్చిన ఐఆర్ఐ (రఫ్‌నెస్‌ని కొలిచే అంకె, పెరిగితే రోడ్డు గతుకు) ఇచ్చాను. ఎక్స్‌జీబూస్ట్ (చాలా నిర్ణయ చెట్లని కలిపే మోడల్) నడిపితే టెస్ట్ డేటా మీద ఆర్-స్క్వేర్ (1కి దగ్గరయ్యేకొద్దీ అంచనా మెరుగు) 0.9 దాటింది. గైడ్‌గారు సంతోషించి రాసేయమన్నారు.

నాకే ఎక్కడో తేడా కొడుతోంది. కొన్ని సెక్షన్లలో ఏ రిపేరూ జరగకుండానే ఐఆర్ఐ తగ్గింది, రోడ్డు తనంతట తాను నున్నగా అవుతుందా? ఇంకోటి, ముందుగా మామూలు రిగ్రెషన్ పెట్టి చూస్తే ట్రాఫిక్ గుణకం మైనస్‌లో వచ్చింది, అంటే లారీలు ఎక్కువ తిరిగితే రోడ్డు బాగుపడుతుందట! అన్నిటికన్నా పెద్ద టెన్షన్ ఏంటంటే, ఒక సెక్షన్ తీసుకుని మోడల్‌ని పదిహేను, ఇరవై ఏళ్లు ముందుకు నడిపిస్తే గీత కాస్త పైకి వెళ్లి అక్కడే బల్లపరుపుగా ఆగిపోతోంది. ఎల్ఎస్‌టీఎమ్‌కి (వరస డేటాతో నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్) మారితే సరిపోతుందా, లేక డేటాలోనే ఏదైనా ఉందా? ఈ పని చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

తారుమారు:

ఎల్ఎస్‌టీఎమ్ సంగతి పక్కన పెట్టండి, ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. ట్రైన్, టెస్ట్ ఎలా విడగొట్టారు? వరసల్ని కలగాపులగం చేసి ఎనభై శాతం ఇటు, ఇరవై శాతం అటు వేసి ఉంటే ఆ 0.9కి అర్థం లేదు. ఒకే సెక్షన్‌కి 1995 రీడింగు ట్రైనింగ్‌లో ఉంది, 1996ది టెస్ట్‌లో ఉంది, 1997ది మళ్లీ ట్రైనింగ్‌లో ఉంది. మోడల్ చేయాల్సిందల్లా అటూ ఇటూ ఉన్న రెండు అంకెల మధ్య ఒకటి పెట్టడమే. వర్షపాతం, స్ట్రక్చరల్ నంబర్ లాంటివి సెక్షన్‌ సెక్షన్‌కీ మారతాయి కానీ ఒకే సెక్షన్‌లో ఏటా పెద్దగా మారవు కాబట్టి అవి దానికి రోల్ నంబర్లలా పనిచేస్తాయి, చెట్టు మోడల్ సెక్షన్‌ని గుర్తుపట్టేస్తుంది. సెక్షన్ ఐడీ ప్రకారం విడగొట్టండి, ఒక సెక్షన్ మొత్తం ఇటన్నా ఉండాలి, అటన్నా ఉండాలి.

రెండోది, నిన్నటి ఐఆర్ఐ ఇచ్చి రేపటి ఐఆర్ఐ అడిగితే ఎవరికైనా మంచి స్కోరే వస్తుంది, ఎందుకంటే రఫ్‌నెస్ మెల్లగా పెరిగే సరుకు. ఒకసారి మోడల్ ఏదీ లేకుండా "పోయినసారి ఎంతో ఈసారీ అంతే" అని పెట్టి ఆర్-స్క్వేర్ లెక్క కట్టండి. అది మీ ఎక్స్‌జీబూస్ట్‌కి ఎంత దగ్గరగా వస్తుందో చూస్తే నవ్వొస్తుంది. మీరు పట్టుకోవాల్సింది పెరుగుదలని, అంటే రెండు సర్వేల మధ్య తేడాని మధ్యలో గడిచిన ఏళ్లతో భాగిస్తే వచ్చేదాన్ని. అక్కడ స్కోరు పడిపోతుంది, పడిపోనివ్వండి, మోడల్ అసలు బలం అదే.

గీత బల్లపరుపుగా ఆగడం చెట్టు మోడళ్ల పుట్టు గుణం. ట్రైనింగ్‌లో చూసిన పెద్ద వయసు ఎంతో, అంతకు మించిన వయసు ఇచ్చినా అదే ఆకు (చెట్టులో చివరి కొస) దగ్గర ఆగుతుంది, కొత్త విలువ పుట్టించదు. చూసిన పరిధిలో అంచనాకి పనికొస్తుంది గానీ పరిధి దాటి ముందుకు నడపడానికి కాదు.

లేజర్‌కన్ను:

పైన చెప్పింది కరెక్టే, కానీ ఐఆర్ఐ తగ్గడం గురించి ఎవరూ మాట్లాడలేదు. ప్రొఫైలర్ బండితో సర్వే పనిలో ఉన్నాను కాబట్టి ఆ ముక్క నేను చెప్తా.

ఐఆర్ఐ అంటే రోడ్డు మీద నేరుగా కొలిచిన ఎత్తుపల్లాల సగటు కాదు. బండికి బిగించిన లేజరు రోడ్డు ఎంత దూరంలో ఉందో చూస్తుంది, బండి ఊగిన ఊపుని యాక్సెలరోమీటర్ పట్టుకుంటే దాన్ని తీసేస్తాం, మిగిలింది రోడ్డు ప్రొఫైల్. ఆ ప్రొఫైల్ మీద కంప్యూటర్‌లో ఒక ఊహాబండిని, అంటే ఒకే చక్రం, ఒకే సస్పెన్షన్ ఉన్న పావు కారుని, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో నడిపి, దాని సస్పెన్షన్ పైకీ కిందికీ కదిలిన మొత్తాన్ని కూడి దూరంతో భాగిస్తాం. అందుకే యూనిట్ కిలోమీటరుకు ఇన్ని మీటర్లు. 1982లో బ్రెజిల్‌లో ప్రపంచ బ్యాంకు చొరవతో జరిగిన ప్రయోగాల నుంచి వచ్చిన కొలమానం ఇది, అప్పటిదాకా ఒక్కో దేశం ఒక్కో పరికరంతో ఒక్కో అంకె చెప్పుకునేది.

ఈ ఊహాబండి అన్ని గతుకులకీ ఒకేలా ఊగదు. దాదాపు 2.4 మీటర్ల అలకి ఒకసారి, దాదాపు 15 మీటర్ల అలకి ఇంకోసారి గట్టిగా స్పందిస్తుంది, మొదటిది చక్రం అదురు, రెండోది బాడీ ఊపు. గులకరాయి గరుకు దానికి తెలీదు, మైలు పొడవున్న ఎత్తు కూడా తెలీదు.

ఇప్పుడు మీ డేటాకి వద్దాం. ఎల్‌టీపీపీ సెక్షన్ పొడవు 152.4 మీటర్లు. ఐఆర్ఐ 1.5 అంటే ఆ సెక్షన్ దాటేసరికి సస్పెన్షన్ కదలిక మొత్తం కలిపి దాదాపు 23 సెంటీమీటర్లు, అంతే. పక్కన ఒక ప్యాచ్ ఉందనుకోండి, దాని అంచు మీద చక్రం ఎక్కి దిగితే ఇంకో 5 సెంటీమీటర్లు కలిసిందనుకోండి, ఐఆర్ఐ ఒక్కసారిగా 0.33 పెరుగుతుంది. పోయిన ఏడాది డ్రైవరు ఒక అడుగు ఎడమగా పోయి ఆ ప్యాచ్ మీద చక్రం వేశాడు, ఈ ఏడాది నేరుగా పోయాడు, మీ గ్రాఫ్‌లో రోడ్డు "బాగుపడింది". బాగా కట్టిన తారు రోడ్డు ఏడాదికి 0.1 కూడా పెరగకపోవచ్చు, అలాంటప్పుడు కొలతలో ఉండే ఊగిసలాటే అసలు మార్పుని మింగేస్తుంది. ఆ డేటాలో ఒకే రోజు చేసిన రన్‌లు విడివిడిగా ఉంటాయి, ఐదు రన్‌ల మధ్య తేడా ఎంతో చూడండి, కొలత ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది. అయితే అది ఒక రోజు తేడా మాత్రమే, ఋతువుల తేడా అందులో రాదు. చలి దేశాల్లో నేలలో నీరు గడ్డకట్టి రోడ్డుని పైకి లేపుతుంది, కరిగాక దిగుతుంది, ఫిబ్రవరి రీడింగునీ సెప్టెంబరు రీడింగునీ పక్కపక్కన పెట్టి తేడా తీస్తే వచ్చేది రోడ్డు ముసలితనం కాదు. సర్వే నెలని ఒక ఇన్‌పుట్‌గా పెట్టండి, లేదా ఒకే ఋతువు రీడింగులతోనే జతలు కట్టండి.

తారు రోడ్లే తీసుకున్నానన్నారు, మంచి పని చేశారు. జాయింట్లున్న కాంక్రీటు రోడ్డయితే పలకలు పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా వంగుతాయి, ఒకే రోజు రెండు పూటలకి రెండు ఐఆర్ఐలు వస్తాయి.

పాతకాపు:

కుర్రాళ్లందరూ మెషిన్ లెర్నింగ్‌తో మొదలుపెడుతున్నారు గానీ, ట్రాఫిక్ గుణకం మైనస్‌లో రావడం అనేది ఈ రంగంలో అందరికీ ఎదురయ్యే తంటానే, దానికి కారణం కూడా అందరికీ తెలిసిందే: ఎక్కువ లారీలు వస్తాయని తెలిసిన రోడ్డుని డిజైనరు ముందే మందంగా కడతాడు. కాబట్టి డేటాలో భారీ ట్రాఫిక్ ఉన్నచోటల్లా బలమైన రోడ్డే ఉంటుంది, అది నెమ్మదిగా పాడవుతుంది, రిగ్రెషన్ ఆ పేరుని ట్రాఫిక్ ఖాతాలో వేస్తుంది. ట్రాఫిక్‌నీ బలాన్నీ రెండు వేరువేరు పదాలుగా కూడికలో పెడితే ఈ చిక్కు పోదు. ట్రాఫిక్ ప్రభావం బలాన్ని బట్టి మారేలా సమీకరణం ఆకారమే ఉండాలి.

ప్యాటర్సన్ 1987లో ప్రపంచ బ్యాంకు కోసం రాసిన మోడల్ అలాగే ఉంటుంది. మాటల్లో చెప్తా: మొదటి రఫ్‌నెస్‌కి ట్రాఫిక్ వల్ల కలిగిన నష్టాన్ని కలపాలి, ఆ మొత్తాన్ని వయసు ఘాతాంకంతో పెంచాలి. నష్టం అంటే 725ని, ఇప్పటిదాకా పోయిన ఈసాల్‌లనీ (మిలియన్లలో) గుణించి, ఒకటి కలిపిన స్ట్రక్చరల్ నంబర్ని 4.99 ఘాతానికి ఎత్తి దాంతో భాగించడం. ఇక్కడి స్ట్రక్చరల్ నంబర్‌లో సబ్‌గ్రేడ్ (రోడ్డు కింది నేల) బలం కూడా కలిసే ఉంటుంది, అమెరికా హైవే అధికారుల సంఘం (ఏఏఎస్‌హెచ్‌ఓ) నంబరుని అలాగే తెచ్చి పెట్టకండి. వయసు వల్ల ఏడాదికి 0.0153 చొప్పున ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది.

లెక్క వేసి చూడండి, అప్పుడు ఒంటపడుతుంది. 2.0తో మొదలైన రోడ్డు, పదేళ్లు, 10 మిలియన్ల ఈసాల్‌లు. బలం 4 అయితే మిలియన్‌కి దాదాపు 0.236 నష్టం, పది మిలియన్లకి 2.36, రెండూ కలిపితే 4.36, వయసు గుణకం 1.165తో గుణిస్తే దాదాపు 5.1. అదే బలం 5 అయితే చివరికి వచ్చేది దాదాపు 3.4. అసలు బండే తిరగకపోయినా ఎండకీ వానకీ 2.33 అవుతుంది. బలంలో ఒక్క అంకె తేడా ఎంత పని చేసిందో చూశారు కదా, ఆ ఐదో ఘాతం మహిమ అది. మీ మోడల్‌కి స్ట్రక్చరల్ నంబర్ తప్పుగా అందితే ఇంక దేన్నీ సరిచేయలేరు.

దీని తర్వాత వచ్చిన హెచ్‌డీఎమ్-4 అనే రోడ్డు నిర్వహణ మోడల్ రఫ్‌నెస్‌ని ముక్కలుగా విడగొట్టి చూస్తుంది: నిర్మాణం బలహీనపడటం వల్ల ఎంత, పగుళ్ల వల్ల ఎంత, రటింగ్ వల్ల ఎంత, గుంతల వల్ల ఎంత, వాతావరణం వల్ల ఎంత అని. ఇందులో ఒక విషయం నాకు బాగా నచ్చుతుంది. రటింగ్ దగ్గర సగటు లోతుని కాదు, లోతులో ఉన్న హెచ్చుతగ్గుల్ని తీసుకుంటుంది. చక్రాల దారి పొడవునా ఒకే లోతు గాడి పడితే బండి దాంట్లో హాయిగా జారిపోతుంది, ఊపు ఉండదు, గాడి ఒకచోట లోతు ఒకచోట తేలిక అయితేనే సస్పెన్షన్ పని చేస్తుంది. వర్షంలో అది ప్రమాదమా కాదా అనేది వేరే కథ.

అమెరికా వాళ్ల మెకానిస్టిక్ ఎంపిరికల్ గైడ్‌లో (పేవ్‌మెంట్ డిజైన్ పద్ధతి) తారు రోడ్లకి ఇంకా సూటిగా ఉంటుంది, అంగుళాలు-మైళ్లలో. మొదటి ఐఆర్ఐకి, రటింగ్‌ని అంగుళాల్లో తీసుకుని 40 రెట్లు, ఫెటీగ్ (పదేపదే బరువు పడి వచ్చే) పగుళ్ల శాతానికి 0.4 రెట్లు, అడ్డ పగుళ్ల పొడవుకి 0.008 రెట్లు, సైట్ ఫ్యాక్టర్‌కి 0.015 రెట్లు కలుపుతారు. సైట్ ఫ్యాక్టర్‌లో వయసు, నేల ప్లాస్టిసిటీ, చలి, వాన ఉంటాయి. పావు అంగుళం రటింగ్ అంటే 10, అంటే కిలోమీటరుకి 0.16 మీటర్లే. కొత్త రోడ్డుకి కట్టిన రోజునే 60 ఉంటే, చాలా ఏళ్ల దాకా మీ అంచనాలో పెద్ద వాటా ఆ 60దే. కాంట్రాక్టరు మొదటిరోజు ఎంత నున్నగా వేశాడన్నది అంత ముఖ్యం, చాలామంది విద్యార్థులు దాన్ని ఇన్‌పుట్‌గా పెట్టడమే మర్చిపోతారు.

గతుకులబాట:

చాలా థ్యాంక్స్ అండి అందరికీ. సెక్షన్ల వారీగా విడగొట్టి, టార్గెట్‌ని ఏడాది పెరుగుదలగా మార్చి మళ్లీ నడిపాను. స్కోరు దారుణంగా పడింది, కానీ కొత్తగా వచ్చిన ప్రవర్తన అర్థవంతంగా ఉంది, బలం తక్కువ ఉన్నచోట ట్రాఫిక్ ప్రభావం పైకి కనిపిస్తోంది. ఇప్పుడు డౌట్ ఏంటంటే, మధ్యలో ఓవర్‌లే (పాతదాని మీద కొత్త తారు పొర) పడిన సెక్షన్లని ఏం చేయాలి? ప్రస్తుతానికి ఐఆర్ఐ తగ్గిన జతలన్నీ తీసేశాను, రిపేరు జరిగినవీ జరగనివీ అన్నీ.

తారుమారు:

అయ్యో, అలా తీసేయకండి! తగ్గినవన్నీ తీసేస్తే కొలత పొరపాటున పైకి పోయినవి మాత్రమే మిగులుతాయి, కిందికి పోయినవి పోతాయి, సగటు పెరుగుదల ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. తేడా గుర్తుని బట్టి కాదు, రిపేరు రికార్డుని బట్టి కోయాలి. ఆ డేటాలో కన్‌స్ట్రక్షన్ నంబర్ అని ఒక కాలమ్ ఉంటుంది, సెక్షన్ మీద ఏదైనా పని జరిగినప్పుడల్లా అది ఒకటి పెరుగుతుంది. అది మారినచోట గొలుసు తెంచి కొత్త గొలుసు మొదలుపెట్టండి. ఒక జాగ్రత్త: పగుళ్లు పూడ్చినా ఆ నంబరు పెరుగుతుంది, పగుళ్లు పూడ్చడం వల్ల ఐఆర్ఐ దాదాపు మారదు. కాబట్టి ఏ పని జరిగిందో చూసి, ఓవర్‌లే, మిల్లింగ్ (పై పొర చెక్కేయడం) లాంటివాటి దగ్గర మాత్రమే తెంచండి. రిపేరు లేకుండా తగ్గినవి అలాగే ఉండనివ్వండి, అది నాయిస్ (కొలతలో ఊగిసలాట), దాన్ని నాయిస్ అని మోడల్‌కే చెప్పండి.

వంతెనదిబ్బ:

దీనికి ఇంకో మెలిక ఉంది. ఓవర్‌లే లాటరీ తీసి వేయరు కదా, పాడైన రోడ్డుకే వేస్తారు. అమెరికా ఫెడరల్ లెక్కలో మైలుకి 95 అంగుళాల లోపు మంచి రోడ్డు, 170 దాటితే చెడ్డది, మన యూనిట్లలో దాదాపు 1.5, 2.7. ఆ పై గీతకి దగ్గరపడ్డవి రిపేరుకి పోతాయి, మీ డేటాలోంచి మాయమవుతాయి. ఇరవై ఏళ్లు దాటి రిపేరు లేకుండా మిగిలినవి వూళ్లో తొంభై ఏళ్లు బతికిన తాతల్లాంటివి, వాళ్లని చూసి అందరి ఆయుష్షూ లెక్కేస్తే ఎలా? పెద్ద వయసు దగ్గర గీత చదునుగా అవడానికి చెట్టు మోడల్ ఒక్కటే కారణం కాదు, ఇది కూడా. రిపేరైన సెక్షన్లని "ఇక్కడిదాకా చూశాం, తర్వాత తెలీదు" అని సెన్సార్డ్‌గా తీసుకుని, 2.7 దాటడానికి ఎంత కాలం పడుతుంది అని సర్వైవల్ పద్ధతిలో ఇంకో మోడల్ వేసి రెండూ పోల్చండి. కాకపోతే గీత దాటకముందే, పాడవుతోంది కదా అని ఓవర్‌లే వేసిన రోడ్లుంటాయి, వాటి దగ్గర ఈ సెన్సారింగ్ కూడా అమాయకంగా ఉండదు. పగుళ్లు, రటింగ్ ఇన్‌పుట్లుగా పెడితే కొంతవరకు సర్దుకుంటుంది.

మోడల్ విషయానికొస్తే, ఒక్కో సెక్షన్‌కి చూసిన రీడింగులు కొద్దిపాటివే, అవీ సమానమైన దూరంలో ఉండవు, ఒకచోట ఏడాది ఖాళీ, ఇంకోచోట మూడేళ్లు. అలాంటి కురచ గొలుసులకి ఎల్ఎస్‌టీఎమ్ దండగ. నా ఓటు మిక్స్‌డ్ ఎఫెక్ట్స్ మోడల్‌కి. ప్యాటర్సన్ ఆకారాన్నే ఎముకలగూడుగా పెట్టుకుని, మొదటి రఫ్‌నెస్‌కీ పెరిగే వేగానికీ ఒక్కో సెక్షన్‌కి ఒక్కో రాండమ్ ఎఫెక్ట్ (అందరి సగటు నుంచి ఆ సెక్షన్‌కి ఉండే సొంత తేడా) ఇవ్వండి. కొత్త సెక్షన్‌కి మొదట అందరి సగటు వేగమే వస్తుంది, రెండు మూడు సర్వేలు పడేకొద్దీ ఆ రోడ్డు సొంత వేగం వైపు జరుగుతుంది. ఒక్క అంకె చెప్పకుండా పరిధి చెప్పండి, "ఆరేళ్లలో 2.7 దాటే అవకాశం ఇంత" అని. బడ్జెట్ వేసేవాళ్లకి కావాల్సింది అదే.

పాతకాపు:

వంతెనదిబ్బ గారి మాటకి ఒక్కటే అభ్యంతరం. ప్యాటర్సన్, హెచ్‌డీఎమ్ గుణకాలు వేడి దేశాల డేటాలోంచి ఎక్కువగా వచ్చాయి, గడ్డకట్టే నేలల మీద అలాగే పెడితే వయసు భాగం తక్కువ చూపిస్తుంది. ఆకారం ఉంచుకోండి, వాతావరణ గుణకాన్ని మాత్రం మీ డేటాతోనే కట్టండి, చలి, వాన మండలాలకి వేరువేరుగా.

లేజర్‌కన్ను:

సరిగ్గా అదే. ఇంకో చిన్న విషయం, ఎడమ చక్రం దారి, కుడి చక్రం దారి ఐఆర్ఐలు విడిగా ఉంటాయి, చాలామంది నేరుగా సగటు తీసుకుని పోతారు. అంచు వైపు దారి సాధారణంగా ముందు పాడవుతుంది, రోడ్డు పక్క అంచు (షోల్డర్) వైపు నుంచి నీళ్లు దిగుతాయి కాబట్టి. రెంటి మధ్య తేడా పెరుగుతూ ఉంటే సగటు ఇంకా బాగున్నా లోపల నీటి పని మొదలైందనుకోవచ్చు. ఆ తేడాని ఇన్‌పుట్‌గా పెట్టి చూడండి.

గతుకులబాట:

ఇది నాకు అస్సలు తట్టలేదండి, సగటే వాడుతున్నా. రెండు దారులూ విడదీస్తాను. మిక్స్‌డ్ మోడల్ నడపడం మొదలుపెట్టాను, కన్వర్జ్ అవడానికి (లెక్క ఒక జవాబు దగ్గర స్థిరపడటానికి) మొరాయిస్తోంది, రెండు రాండమ్ ఎఫెక్ట్‌లూ కలిపి పెడితే ఆగిపోతోంది.

వంతెనదిబ్బ:

వయసుని సున్నా నుంచి కాకుండా మధ్య విలువ నుంచి కొలవండి, ఈసాల్‌లని లాగ్‌లోకి మార్చండి. అప్పటికీ మొండికేస్తే రెండు రాండమ్ ఎఫెక్ట్‌ల మధ్య కోరిలేషన్ తీసేసి చూడండి. అన్నట్టు డేటా అంతా ఒకే యూనిట్‌లో ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి, 1 మీటర్/కిలోమీటర్ అంటే 63.36 అంగుళాలు/మైలు, అక్కడక్కడా కలిసిపోయి ఉంటే ఏ మోడలూ కన్వర్జ్ అవదు.